ప్రింట్ తీసే రిపోర్టులో మొత్తం పేజీల సంఖ్య వచ్చేలా చేయడం ఎలా?

రిపోర్టు కింద ఉత్త ‘పేజీ 7’ అని ఉంటే, ఆ తర్వాత ఎనిమిదో పేజీ ఉందో లేదో చదివేవాళ్లకు తెలియదు. చివరి కాగితం ప్రింటర్‌లోనే ఉండిపోయినా ఎవరూ గుర్తించరు. ‘7/12’ అని ఉంటే ఆ టెన్షన్ ఉండదు. లెక్కలు, ఒప్పందాలు, పరీక్షల ఫలితాలు లాంటి వాటిలో మొత్తం సంఖ్య ఉండి తీరాలి.

దాన్ని చేత్తో మాత్రం టైప్ చేయకండి. మధ్యలో ఒక్క పేరా చేర్చినా తప్పు కావచ్చు.

వర్డ్‌లో ఇన్‌సర్ట్ ట్యాబ్ తెరిచి పేజ్ నంబర్, బాటమ్ ఆఫ్ పేజ్ నొక్కండి. జాబితాలో కిందికి వెళ్తే ‘పేజ్ ఎక్స్ ఆఫ్ వై’ కనిపిస్తుంది, అది ఎంచుకోండి. అంకెల చుట్టూ ఉన్న మాటలను తెలుగులోకి మార్చుకోవచ్చు, అంకెలను మాత్రం చెరపకండి.

కవర్ పేజీని లెక్కలోంచి తీసేయాలంటే కాస్త పని ఉంది. ఫార్మాట్ పేజ్ నంబర్స్‌లో ‘స్టార్ట్ ఎట్’ దగ్గర 0 ఇవ్వండి. డిఫరెంట్ ఫస్ట్ పేజ్ టిక్ చేయండి. తర్వాత రెండో పేజీ ఫుటర్‌లో, అంటే పేజీ అడుగున, మొత్తం సంఖ్యను ఎంచుకుని కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కితే దాని చుట్టూ ఫ్లవర్ బ్రాకెట్లు వస్తాయి. వాటి లోపల, సంఖ్యకు ముందు ‘=’, వెనక ‘-1’ టైప్ చేసి ఎఫ్9 నొక్కండి. కీబోర్డు మీది ఫ్లవర్ బ్రాకెట్లు టైప్ చేస్తే ఇది పనిచేయదు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

ఎక్సెల్‌లో పేజ్ సెటప్ తెరిచి, హెడర్/ఫుటర్ ట్యాబ్‌లో ఫుటర్ జాబితా నుంచి ‘పేజ్ 1 ఆఫ్ ?’ తీసుకోండి. ఆ ప్రశ్నార్థకం చూసి కంగారు పడొద్దు, ప్రింట్ ప్రివ్యూలో అసలు సంఖ్య వస్తుంది. వర్క్‌బుక్ మొత్తం ఒకేసారి ప్రింట్ తీస్తే అన్ని షీట్ల పేజీలూ కలిపి లెక్కవుతాయి. షీటుకో లెక్క కావాలంటే విడివిడిగా తీయండి.

డేటాబేస్ నుంచి రిపోర్టులు తీసే యాక్సెస్, క్రిస్టల్ రిపోర్ట్స్ రెండింటిలోనూ ‘పేజ్ ఎన్ ఆఫ్ ఎం’ సిద్ధంగా ఉంటుంది. కాకపోతే మొత్తం తెలియాలంటే చివరి పేజీ దాకా ముందే పేర్చి చూడాలి కదా, అందుకే పెద్ద రిపోర్టుల్లో మొదటి పేజీ ఆలస్యంగా తెరుచుకుంటుంది.

సొంతంగా ప్రోగ్రామ్ రాసేవాళ్లకూ ఇదే సూత్రం. ప్రతి పేజీలో మొత్తం సంఖ్య రావాల్సిన చోట ఒక గుర్తు పెట్టి, అన్ని పేజీలూ తయారయ్యాక ఆ గుర్తు స్థానంలో సంఖ్య నింపాలి. పేజీ తయారైన వెంటనే ప్రింటర్‌కు పంపేస్తే ఆ అవకాశం పోతుంది. పేజీలు వెయ్యి దాటే వీలుంటే నాలుగు అంకెలు పట్టేంత ఖాళీ ముందే వదలండి.

ప్రింట్ ఇచ్చే ముందు ప్రివ్యూలో చివరి పేజీకి వెళ్లండి. అక్కడ రెండు అంకెలూ ఒకటే ఉండాలి.