మెయిన్‌ఫ్రేమ్ లోపలికి – 4వ భాగం: రీజియన్ బిగుసుకుపోతే ఎక్కడ చూడాలి

నాలుగక్షరాల ట్రాన్సాక్షన్ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే, మెయిన్‌ఫ్రేమ్‌లో లావాదేవీలు నడిపే ఐబీఎం సాఫ్ట్‌వేర్ సీఐసీఎస్ దానికి ఒక టాస్క్‌ని, అంటే ఆ ఒక్క పిలుపుకి నడిచే పనిని, ఎలా పుట్టిస్తుందో పోయిన భాగంలో చూశాం. ఈసారి రాజాం, బొబ్బిలి, ఆమదాలవలసల్లో ఇంటి నుంచే రాత్రి సపోర్ట్ చేస్తున్న మనవాళ్లకి బాగా టెన్షన్ పెట్టే పరిస్థితి తీసుకుందాం. ఏ ప్రోగ్రామూ అబెండ్ అవ్వలేదు (మధ్యలో పడిపోలేదు), ప్రోగ్రాము తప్పుకొచ్చే ఏఎస్‌ఆర్‌ఏ కోడ్ లేదు, మెమరీ నకలు తీసే డంప్ లేదు, కానీ ఎవరి స్క్రీనూ కదలట్లేదు. కాల్‌లో పదిమంది చేరి రీస్టార్ట్ చేసేయమంటారు. చేస్తే పని నడుస్తుంది, కానీ కారణం ఆ మెమరీతో పాటే పోతుంది, మర్నాడు అదే టైంకి మళ్లీ ఆగుతుంది.

అన్నిటికంటే ముందు టీఎస్‌ఓలో (అదే మెయిన్‌ఫ్రేమ్‌లో మనం లాగిన్ అయ్యే ఇంకో చోటు) ఒక ఎంటర్ నొక్కండి. అదీ రాకపోతే మీ వీపీఎనో, మీ ఊరి లైనో చూసుకోండి. టీఎస్‌ఓ పలికి సీఐసీఎస్ ఒక్కటే పలకకపోతే అప్పుడు ఇటు రండి.

1969లో ఐబీఎం సీఐసీఎస్‌ని విడుదల చేసినప్పటి ఆలోచన ఒకటి ఇప్పటికీ దాని గుండెలో ఉంది. ఒక రీజియన్ అంటే ఒక అడ్రస్ స్పేస్ (దానికంటూ వేరే మెమరీ), అందులో వందల టాస్కులు ఉన్నా మామూలు అప్లికేషన్ కోడ్ అంతా నడిచేది క్యూఆర్ టీసీబీ అనే ఒక్క థ్రెడ్ లాంటిదాని మీదే, ఒక క్షణంలో ఒక్క టాస్కే. ధాన్యం కొనుగోలు కేంద్రంలో ఒకే కాటా ఉందనుకోండి, సంచులు సిద్ధంగా ఉన్న రైతు కాటా ఎక్కిస్తాడు, కాగితమో గోనెసంచో తక్కువైన రైతు పక్కకి జరిగి ఇంకొకరికి దారి ఇస్తాడు. ఆ పక్కకి జరగడమే సస్పెండ్. ఫైల్ చదవమని అడిగి జవాబు కోసం ఆగాల్సి వచ్చినప్పుడు టాస్క్ చేసే పని అదే. ఒకేసారి పక్కపక్కన నడిచినా చెడని థ్రెడ్‌సేఫ్ ప్రోగ్రాములకి, డీబీ2 డేటాబేస్ పిలుపులకి ఎల్8 టీసీబీలు వేరే ఉన్నాయి, వాటికి ఒక భాగం పూర్తిగా కేటాయిస్తాను.

కాబట్టి మొదటి ప్రశ్న ఒక్కటే: కాటా మీద ఎవరైనా ఉన్నారా, ఖాళీగా ఉందా? నడుస్తున్న జాబులు చూపే ఎస్‌డీఎస్‌ఎఫ్‌లో డీఏ స్క్రీన్ తెరిచి రీజియన్ సీపీయూ చూడండి. మామూలు కంటే బాగా పెరిగి అక్కడే నిలబడితే ఎవరో దిగట్లేదు, అంటే లూప్. దాదాపు సున్నాకి పడిపోతే అందరూ దేనికోసమో ఎదురు చూస్తున్నారు.

లూప్ సంగతి త్వరగా చెప్పేస్తాను. కంట్రోల్ వదలకుండా తిరిగే లూప్‌ని సీఐసీఎస్ తనే పట్టుకుని ఏఐసీఏ అనే అబెండ్ కోడ్‌తో పడేస్తుంది, దాని హద్దు ఐసీవీఆర్ అనే సెట్టింగ్, డిఫాల్ట్ 5000 మిల్లీసెకన్లు. ట్రాన్సాక్షన్ డెఫినిషన్‌లో ఎవరైనా రన్‌అవే (ఆ టైం హద్దు) సున్నా పెడితే మాత్రం ఆ కాపలా ఉండదు. లూప్ మధ్యలో పదేపదే సస్పెండ్ అయ్యే కమాండ్లుంటే లెక్క ప్రతిసారీ మొదటికొస్తుంది, ఏఐసీఏ ఎప్పటికీ రాదు. ఇంకో మాట, రీజియన్‌ని చూసి నడిపించే ట్రాన్సాక్షన్ సీఈఎంటీ కూడా ఒక టాస్కే, దానికీ క్యూఆర్ కావాలి. అది కూడా పలకకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ ఎంవీఎస్ కన్సోల్ నుంచి డంప్ కమాండ్ ఇవ్వండి. తర్వాత డంప్ చదివే ఐపీసీఎస్‌లో కెర్నెల్ సమ్మరీ తెరిస్తే రన్నింగ్ అని ఉన్న టాస్క్ కనిపిస్తుంది.

అసలు ఓపిక కావాల్సింది రెండో రకానికి. సీఈఎంటీ ఐ టాస్క్ కొడితే వరసగా సస్ (సస్పెండ్ అయినవి) అని కనిపిస్తాయి. ఆ వరస చూసి బెదరొద్దు, సస్పెండ్ అవడం తప్పు కాదు, దేనికోసం అన్నదే ముఖ్యం. ఒక్కో టాస్క్ పక్కన ఎస్ పెట్టి వివరం తెరిచి హెచ్‌టైప్ (ఏ రకం ఎదురుచూపు), హెచ్‌వాల్యూ (దేనికోసం) చూడండి. కేసీకంపాట్, టెర్మినల్ అని ఉంటే అది మనిషి కీ నొక్కడం కోసం ఆగింది. సీడీబీ2ఆర్‌డీవైక్యూ అంటే డీబీ2 థ్రెడ్, అంటే డీబీ2కి వెళ్లే దారి, దొరకలేదు. ఎన్‌క్యూ (తాళం కోసం క్యూ) అని ఉండి వాల్యూలో ఎఫ్‌సీడీఎస్‌ఆర్‌ఈసీడీ అంటే వీశామ్ ఫైల్‌లో ఒక రికార్డు తాళం ఇంకొకరి దగ్గర ఉంది.

ఆ ఇంకొకరు ఎవరో సీఈఎంటీ ఐ యూఓడబ్ల్యూఎన్‌క్యూ చెప్తుంది. ఓనర్ ఒకరు, వెయిటర్లు చాలామంది. చాలామంది ఇక్కడ వెయిటర్లని ఒక్కొక్కరినీ పర్జ్ చేస్తూ (ఆ టాస్క్‌ని ఆపేస్తూ) కూర్చుంటారు, తాళం పట్టుకున్నవాడు అలాగే ఉంటాడు, క్యూ మళ్లీ నిండుతుంది. ఓనర్ నంబర్ పట్టుకుని వెనక్కి టాస్క్ లిస్టులోకి వెళ్లి అది దేనికోసం ఆగిందో చూడాలి. అది కేసీకంపాట్ టెర్మినల్ అయితే కథ అర్థమైపోయినట్టే. ప్రోగ్రాము రికార్డుని రీరైట్ చేసింది, మార్పుని ఖరారు చేసి తాళం వదిలే సింక్‌పాయింట్ తీసుకోకుండా 'ఖాయమేనా' అని స్క్రీన్ పంపింది, ఆ ఉద్యోగి లేచి వెళ్లిపోయాడు. వేసవిలో మనకి రాత్రి తొమ్మిదిన్నర అంటే న్యూయార్క్‌లో మధ్యాహ్నం పన్నెండు, భోజనాల వేళ. రోజూ అదే టైంకి ఆగుతోందంటే వింతేముంది!

ఇప్పుడు పర్జ్ ఓనర్‌కి ఇవ్వాలి. అది చేసిన మార్పుని డైనమిక్ బ్యాకవుట్ వెనక్కి తిప్పుతుంది, వెయిటర్లు వాళ్లంతట వాళ్లే కదులుతారు. పర్జ్ ఒప్పుకోకపోతేనే ఫోర్స్‌పర్జ్, ఎందుకంటే దానితో డేటా పొందికగా ఉంటుందన్న హామీ లేదు. శాశ్వత మందు ఆ ప్రోగ్రాముని సూడో కన్వర్సేషనల్‌గా (స్క్రీన్ పంపాక టాస్క్ ముగించి, జవాబు వచ్చాక కొత్త టాస్క్ మొదలయ్యేలా) మార్చడం, ఈలోగా టెర్మినల్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే ఆర్‌టైమౌట్ పెట్టించండి. తాళం లాంటి వాటి కోసం ఆగే హద్దు డీటైమౌట్ పెడితే, సిస్టమ్ పర్జ్ చేయనిచ్చే ఎస్‌పర్జ్ 'యెస్' అని ఉందో లేదో చూడండి, లేకపోతే అది పనిచెయ్యదు.

లాగ్‌లో డీఎఫ్‌హెచ్‌ఎస్‌ఎం0131 గానీ 0133 గానీ ఉంటే అది స్టోరేజ్ కొరత, 16 ఎంబీ గీతకి కింద లేదా పైన. దాని పాఠం వేరు.

నిజంగా రీస్టార్టే చెయ్యాల్సి వస్తే ముందు డంప్ తీయండి, తర్వాత స్టార్ట్ ఆటోతోనే లేపండి. సగంలో ఆగిన పనులని సిస్టమ్ లాగ్ చూసి వెనక్కి తిప్పేది అదే. తొందరలో స్టార్ట్ ఇనీషియల్ ఇస్తే ఆ లాగ్‌ని పక్కన పారేసినట్టే, సగం మార్పులు ఫైళ్లలో అలాగే మిగులుతాయి.

వచ్చే భాగంలోపు ఇది చెయ్యండి. నలభై టాస్కులు సస్, అందులో ముప్పై ఒకే రికార్డు కోసం ఎన్‌క్యూలో ఉన్నాయి. ఓనర్ తెరిస్తే హెచ్‌టైప్ సీడీబీ2ఆర్‌డీవైక్యూ. సీపీయూ దాదాపు సున్నా. ఓనర్‌ని పర్జ్ చేస్తే ఆ ముప్పైలో ఇంకొకటి తాళం తీసుకుని మళ్లీ అదే హెచ్‌టైప్‌లో ఆగింది. ఇప్పుడు ఎవరి వెంట పడాలి, ఏ కమాండ్‌తో? 5వ భాగం మీ జవాబుతోనే మొదలుపెడతాను.