ఉదయగిరి ముట్టడిని బల్ల మీద నిలపడం ఎలా? సైనిక బొమ్మలు, నమూనా పడవలు సేకరించేవారికి

చారిత్రక సైనిక బొమ్మల సేకరణ మొదలుపెట్టేవారిలో చాలామంది కంటికి నచ్చిన బొమ్మనల్లా కొంటారు. రోమన్ కాలిబంటు, నెపోలియన్ కాలపు ఆశ్వికుడు, రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకు ఒకే బీరువాలో చేరతాయి గాని, కాలమూ కొలతా కలవకపోవడం వల్ల వాటితో ఒక్క డయోరమా (ఒక సన్నివేశాన్ని చిన్న కొలతలో బల్ల మీద నిలిపే నమూనా) కూడా కూర్చడం కుదరదు. అందుచేత ముందు సన్నివేశాన్ని నిర్ణయించుకొని, ఆ తరువాత దానికి కావలసినవే కొనాలి.

మొదట సన్నివేశం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారు దీని కోసం వాటర్లూ దాకా వెళ్ళనక్కరలేదు. గజపతుల అధీనంలో ఉన్న ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. తన సైనికులు కోట బురుజులను చేరడానికి రాయలు కొండలు తొలిపించి, పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి బాట వేయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. నా దృష్టిలో డయోరమాకు ఇంతకంటే మంచి ఘట్టం లేదు. కోట మొత్తాన్ని చూపాలనుకుంటే గది నిండా స్థలం కావాలి. బండలు పగులుతున్న ఆ బాటలో ఒక మలుపును మాత్రం తీసుకుంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న చెక్క చాలు. కాపలా నిలిచిన ఇద్దరు బల్లెగాళ్ళు, సుత్తులు పట్టిన నలుగురు, సామాను బండిని లాగే ఒక ఎడ్ల జత ఉంటే ఆ సన్నివేశం పూర్తవుతుంది.

పడవ కావాలనుకునేవారికి మోటుపల్లి ఉంది. ఒకప్పుడు ప్రకాశం జిల్లాలో ఉండి, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్ళిన ఈ రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించాడు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజుల్లాగా స్వాధీనం చేసుకోబోమని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని అందులో వర్తకులకు హామీ ఇచ్చాడు. పగిలిన ఓడ, తడిసిన మూటలు, వాటికి కాపలాగా నిలిచిన రాజభటులు ఉంటే ఆ శాసనమంతా ఒక్క చూపులో అర్థమవుతుంది.

తరువాత కొలత

సాధారణంగా దొరికే సైనిక బొమ్మలు 1:72లోనూ (అంటే అసలు పరిమాణంలో 72వ వంతు), 54 మిల్లీమీటర్ల ఎత్తులోనూ ఉంటాయి; ఈ రెండోది సుమారు 1:32కు సమానం. 1:35లో ఎక్కువగా దొరికేవి ఇరవయ్యో శతాబ్దపు యుద్ధాలకు చెందినవి. లెక్క కష్టమైనది కాదు. 173 సెంటీమీటర్ల మనిషిని 72తో భాగిస్తే 24 మిల్లీమీటర్లు వస్తుంది. ఆరు మీటర్ల తెప్ప 1:72లో 83 మిల్లీమీటర్లు, 1:32లో సుమారు 188 మిల్లీమీటర్లు ఉంటుంది. పడవ ఉన్న సన్నివేశానికి 1:72నే ఎంచుకోమని చెబుతాను, ఎందుకంటే పెద్ద కొలతలో ఓడ ఒక్కటే బల్లనంతా ఆక్రమిస్తుంది.

బొమ్మలు ఎంచుకోవడం, మార్చుకోవడం

విజయనగర సైనికుల బొమ్మలు అంగట్లో అరుదు. దగ్గరగా ఉండే బొమ్మలను తీసుకొని తలపాగా, నడికట్టు, దూది కుట్టిన అంగీ ఎమ్‌సీల్‌తో (కలిపాక గట్టిపడే ముద్ద) చేర్చుకోవాలి. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ అక్కడి సైనికుల మెత్తటి కుట్టు అంగీలను వర్ణించాడు కాబట్టి వాళ్ళకు యూరపు ఉక్కు కవచం తొడగకండి.

ఎడ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. విదేశీ పెట్టెల్లో వచ్చే ఎద్దుకు మూపురం ఉండదు, గంగడోలు ఉండదు. ఒంగోలు గిత్తను రోజూ చూసే మనకు ఆ లోపం వెంటనే తెలిసిపోతుంది. పెసరగింజలో సగమంత ముద్దను భుజాల మీద నిలిపి, తడిపిన పుల్లతో వెనక్కి కాస్త వాల్చండి. మెడ కింద పలుచని మడత అతికించి, కొమ్ములను పొట్టిగా కత్తిరించండి. ఈ పనికి అరగంట కూడా పట్టదు.

పాత సీసపు బొమ్మలు దొరికితే వాటిని ఉప్పుకాగితంతో రుద్దకండి, పిల్లల చేతికి ఇవ్వకండి, పట్టుకున్న తరువాత చేతులు కడుక్కోండి. కొన్ని చెక్కల నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తెల్లని పొడిగా మారుస్తుంది కాబట్టి వాటిని కొత్త చెక్క బీరువాలో కంటే గాజు, లోహపు పెట్టెలో ఉంచడం మేలు.

పడవ కట్టడం

మొదటి పడవగా తెప్పను కట్టండి. నేను కొత్తపట్నం ఒడ్డున ఒక తెప్పను దాని యజమాని అనుమతితో టేపు పెట్టి కొలుచుకున్నాను. దుంగల మధ్య సందులు, తాడు ఎన్ని చుట్లు తిరిగిందీ, ముందు కొసలు ఎంత పైకి లేచిందీ రాసుకున్నాను. ఏ పటమూ ఇవ్వని వివరాలు ఆ కాగితంలో ఉన్నాయి. మెత్తని తేలిక చెక్కతో దుంగలు చెక్కి, మామూలు కుట్టుదారాన్ని తేనెమైనంలో రెండుసార్లు లాగి కట్టండి. మైనం పట్టించని దారం మీది నూగు 1:72లో కొబ్బరిపీచులా కనిపిస్తుంది. తెరచాపకు గుడ్డ వాడకండి, ఎంత సన్నని మల్లుగుడ్డ అయినా దాని నేత గోనెసంచిలా కనిపిస్తుంది. టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టిన పలుచని కాగితమే సరిపోతుంది.

తరువాత కుట్టుపడవకు వెళ్ళవచ్చు. మన తీరంలో అలలను దాటడానికి మేకులు లేకుండా, పలకలను కొబ్బరితాడుతో కుట్టి పడవలు కట్టేవారు. అల కొట్టినప్పుడు కుట్టు కొంత సాగి పలకలు పగలకుండా కాపాడేది. కుట్టు కనిపించేలా పలకల అంచున సూదితో సమదూరంలో గుర్తులు వేసి దారం ఎక్కించండి. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీది రెండు తెరచాప కొయ్యల ఓడ అందమైనదే గాని అది రెండో శతాబ్దానిది. దానిని మోటుపల్లి సన్నివేశంలో నిలిపితే వెయ్యేళ్ళు తప్పినట్టే.

నేల, నీరు, రంగు

సముద్రపు ఇసుకను నేరుగా వాడకండి. నా మొదటి డయోరమాకు కడగని ఇసుకను అతికించాను. వానాకాలం రాగానే ఉప్పు తేమను పీల్చి తెల్లగా పొంగింది, రంగు పొరలుగా లేచింది. ఇసుకను మంచినీటిలో ఏడెనిమిది సార్లు కడిగి, ఎండబెట్టి, టీ జల్లెడలో పట్టండి. 1:72లో ఒక మిల్లీమీటరు రేణువు ఏడు సెంటీమీటర్ల రాయితో సమానం కాబట్టి జల్లెడ కింద పడినదే ఇసుక, పైన మిగిలినది ఉదయగిరి రాళ్ళ గుట్ట.

నీటిని చూపడానికి ఎపాక్సీ రెసిన్‌ను (గట్టిపడ్డాక గాజులా కనిపించే ద్రవం) ఒక్కసారిగా పోయకుండా మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల పొరలుగా, ఒకటి గట్టిపడిన తరువాత మరొకటి పోయాలి. మందంగా పోస్తే లోపల వేడెక్కి పగులుతుంది. చేతి తొడుగులు వేసుకొని, గాలి ఆడే చోట పనిచేయండి. ఒడ్డు దగ్గర నీటికి ముదురు నీలం వేయకండి. మన తీరంలో అది ఆకుపచ్చ కలిసిన మట్టిరంగులో ఉంటుంది.

మే నెల ఎండలో యాక్రిలిక్ రంగు కుంచె మీదే ఆరిపోతుంది. పళ్ళెంలో తడిగుడ్డ పరిచి, దాని మీద బేకింగ్ కాగితం వేసి, రంగును ఆ కాగితం మీదే కలుపుకోండి. స్ప్రే ప్రైమర్ (రంగుకు ముందు చిమ్మే అడుగుపూత) పనిని మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే మన జిల్లాల్లో వానలు పడే ఆ మూడు నెలలు, ఆపేయండి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే పూత తెల్లగా పాలిపోతుంది. చెక్కడం, కుట్టడం, కొలతలు వేసుకోవడం వంటి పనులను ఆ నెలలకు ఉంచుకొని, సంక్రాంతి దాటాక పొడి గాలి ఉన్న ఒక రోజు, మంచు విడిచాక, ప్రైమర్ డబ్బా బయటకు తీయండి.