ఎక్కుతూ దిగుతూ బెజవాడ: సిటీ బస్సులో ఒక రోజు

ఒకే టికెట్టు మీద నచ్చిన చోట దిగి, చూసుకుని, వెనకొచ్చే బస్సెక్కి పోయే టూరిస్టు బస్సులు లండన్ లాంటి ఊళ్ళలో తిరుగుతుంటాయి. బెజవాడలో ఆ పని సిటీ బస్సే చేసిపెడుతుంది. చూడాల్సినవి చాలావరకు మూడు దారుల మీదే ఉండటం ఇక్కడ కలిసొచ్చే విషయం. పడమరకి కృష్ణ ఒడ్డునే భవానీపురం వైపు పోయే దారిలో దుర్గగుడి, బ్యారేజీ, భవానీ ద్వీపం పడవలు ఉన్నాయి. తూర్పుకి బందరు రోడ్డులో మ్యూజియం, అంబేడ్కర్ విగ్రహం వస్తాయి. ఏలూరు రోడ్డు వైపు బజారు, ఆ పైన గుణదల కొండ. ఈ దారులకి ముడి పండిట్ నెహ్రూ బస్టాండు, పోలీస్ కంట్రోల్ రూమ్ సెంటర్ల దగ్గర పడుతుంది. ఎక్కడ దారి తప్పినా ఈ రెండింట్లో ఒకచోటికి వచ్చేస్తే మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు.

ముందు బస్సు సంగతి. ఎక్కువగా తిరిగేవి రెండు రకాలు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్. మెట్రోకి చార్జీ కాస్త ఎక్కువ, ఆగే స్టేజీలు కాస్త తక్కువ. దగ్గర దూరాలకి ఏది ముందొస్తే అదెక్కడమే మంచిది. నంబరు బట్టీ పట్టడం కంటే బోర్డు మీద చివరి ఊరితో పాటు 'వయా' చదవడం ఎక్కువ పనికొస్తుంది. బందరు రోడ్డు మీద పోయేదీ, ఏలూరు రోడ్డు మీద పోయేదీ ఒకే సెంటర్లో పక్కపక్కనే ఆగుతాయి. తొందరలో నంబరు చూసి ఎక్కినవాళ్ళు లబ్బీపేటలో దిగాల్సింది చుట్టుగుంటలో తేలతారు. ఎక్కే ముందు "మ్యూజియం ఆగుతుందా అండీ" అని ఒక్క మాట అడిగితే సరిపోతుంది. వెనక్కొచ్చేటప్పుడు అడగాల్సింది వేరు: "బస్టాండు వెళ్తుందా, మార్కెట్ వెళ్తుందా?" కాళేశ్వరరావు మార్కెట్ దాకా పోయే బస్సులన్నీ బస్టాండు లోపలికి రావు. కంట్రోల్ రూమ్ దగ్గర దిగి నడవాల్సి వస్తుంది.

చిల్లర దగ్గరుంచుకోండి. పది, ఇరవై నోట్లు ఉంటే రోజంతా హాయి. ఐదొందల నోటిస్తే కండక్టరు రావాల్సిన బాకీని టికెట్టు వెనక పెన్నుతో రాసి, జనంలో పడి ముందుకెళ్ళిపోతారు. ఆ టికెట్టు జేబులో నలిగిపోనివ్వకండి, మీ స్టేజీకి రెండు స్టేజీల ముందే గుర్తుచేసి తీసుకోండి. "రైట్ రైట్" అన్నాక అడిగితే ఎవరికీ వినపడదు. ముందువైపు సీట్లు ఆడవాళ్ళవి. వెనక గుమ్మం నుంచి ఎక్కిన మగవాళ్ళు దిగే స్టేజీ రాకముందే గుమ్మం వైపు జరగాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఉండే ఆడవాళ్ళకి 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఈ రెండు రకాల బస్సుల్లోనూ ప్రయాణం ఉచితం. అంటే ఎన్నిసార్లు దిగి ఎక్కినా ఖర్చు లేదు. అయితే ఎక్కిన ప్రతిసారీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకోవాల్సిందే. డబ్బులివ్వలేదు కదా, టికెట్టెందుకు అనుకుంటే తనిఖీలో ఇబ్బంది. తెలంగాణ చిరునామాతో కార్డున్న చుట్టాలు వెంట ఉంటే వాళ్ళకి మామూలు టికెట్టే. మగవాళ్ళు మొదటి బస్సులోనే రోజంతా చెల్లే టికెట్టు ఇస్తారేమో అడగాలి. నాలుగైదు సార్లు దిగి ఎక్కేవాళ్ళకే అది గిట్టుబాటు.

రోజు మొదలయ్యేది దుర్గగుడితోనే. దీన్ని మధ్యాహ్నానికో సాయంత్రానికో పెట్టుకుంటే మిగతా ప్రణాళిక అంతా కూలిపోతుంది. పొద్దున ఆరు లోపు బస్టాండు చేరి, పెద్ద బ్యాగులు క్లోక్‌రూమ్‌లో పడేసి, భవానీపురం వైపు బస్సెక్కండి. గుడి రెండు కిలోమీటర్ల లోపే. ఇక్కడ కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. కొండ కింద 2020లో తెరిచిన ఫ్లైఓవర్ ఎక్కే బస్సు గుడి దగ్గర ఆగదు. హైదరాబాద్ వైపు పోయే బస్సులో "దారిలోనేగా" అని ఎక్కితే ఇంద్రకీలాద్రిని కిటికీలోంచి చూస్తూ దాటిపోతారు. "ఫ్లైఓవర్ కిందనుంచి వెళ్తుందా" అని అడిగే ఎక్కాలి. మరీ దొరక్కపోతే షేర్ ఆటో ఉండనే ఉంది.

కొండెక్కడానికి ఘాట్ రోడ్డు ఒక దారి, కింద అర్జున వీధి వైపు మహామండపం మీదుగా మెట్లు, లిఫ్టు ఇంకో దారి. పెద్దవాళ్ళు వెంట ఉంటే లిఫ్టు వైపే తీసుకెళ్ళండి. సెల్‌ఫోను దర్శనం క్యూలోకి రానివ్వరు, కౌంటర్లో ఇవ్వాలి. చెప్పులు ఏ దారిలో దిగబోతున్నారో ఆ దారిలోనే విడవండి. ఒకవైపు విడిచి ఇంకోవైపు దిగితే ఎండాకాలంలో కొండ చుట్టూ ఉత్త కాళ్ళతో నడవాలి. పది దాటితే ఆ రాతి మెట్ల మీద అరికాలు ఆనదు. మధ్యాహ్నం మహానివేదన వేళ దర్శనం కొంతసేపు ఆపుతారు. శుక్రవారం, ఆదివారం రద్దీ ఎక్కువ. దసరా పది రోజులు, అందులోనూ మూలా నక్షత్రం నాడు, ఆ తర్వాత మార్గశిరంలో భవానీ దీక్షల విరమణ రోజుల్లో ఈ బస్సుల లెక్కే వేరు. దారులు మళ్ళిస్తారు, స్టేజీలు మారతాయి. ఆ రోజుల్లో గుడికే వచ్చి గుడే చూసుకుని వెళ్ళాలి, ఊరు చూడటం కుదరదు.

కొండ దిగగానే ఎదురుగా ప్రకాశం బ్యారేజీ. దీనికి బస్సెందుకు, నడవండి. పొడవు 1223 మీటర్లు, గేట్లు 70. 1850ల్లో కట్టిన పాత ఆనకట్ట దెబ్బతిన్నాక కట్టి, 1957లో పూర్తిచేసిన బ్యారేజీ ఇది. చివరిదాకా పోనక్కర్లేదు, పది గేట్లు దాటి నిలబడితే చాలు. ఎగువన నిండుగా కదలకుండా నీళ్ళు, దిగువన ఇసుక మేటలు, మధ్యలో అక్కడక్కడా పాయలు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకున్నది ఈ గేట్ల దగ్గరే.

నది అవతల ఉండవల్లి గుహలు. ఈ ప్రయాణంలో వెళ్ళి తీరాల్సింది ఇదే, మ్యూజియం తప్పినా ఇది తప్పకూడదు. బ్యారేజీ మీదుగా అయితే దగ్గర, కనకదుర్గ వారధి మీదుగా అయితే చుట్టు. బస్సు ఏ దారిన పోతుందో అడిగి ఎక్కండి. బ్యారేజీ దగ్గర బస్సు కోసం ఇరవై నిమిషాలు దాటితే ఆటో మాట్లాడుకోవడమే మేలు. రానూపోనూ కలిపి, గంట ఆగేటట్టు బేరమాడాలి. ఒక్క పోకకే మాట్లాడుకుంటే తిరుగు ప్రయాణంలో ఆటోవాడు చెప్పిందే రేటు.

గుహ అంటే చీకటి బిలం అనుకోకండి. ఒకే కొండని ముందునుంచి తొలిచి అంతస్తులుగా మలిచిన కట్టడం ఇది. క్రీస్తుశకం నాలుగు, ఐదు శతాబ్దాల నాటిది, విష్ణుకుండినుల కాలానిదిగా చెబుతారు. పై అంతస్తులో ఐదు మీటర్ల పైచిలుకు అనంత పద్మనాభుడు పడుకుని ఉంటాడు. గుమ్మంలోంచి చూస్తే నల్లటి భుజం ఒక్కటే కనిపిస్తుంది. లోపలికెళ్ళి ఎడమకీ కుడికీ నడిస్తేనే మొత్తం అందుతుంది. అక్కడినుంచి బయటి వసారాలోకి రండి. అంచున వరసగా కూర్చున్న ఋషుల రాతి బొమ్మలు, వాటి వెనక పచ్చటి పొలాలు. ఫోటో తీసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. పురావస్తు శాఖ టికెట్టు ఉంటుంది, ఆన్‌లైన్‌లో కొంటే ఐదు రూపాయలు తగ్గుతుంది. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి అక్కర్లేదు. నీళ్ళ సీసా వెంట తీసుకెళ్ళండి.

పన్నెండున్నరకల్లా ఊళ్ళోకి వచ్చెయ్యండి. గాంధీనగర్, గవర్నర్‌పేటల్లో భోజనం హోటళ్ళకి లోటు లేదు. ఒంటిగంట దాటితే మాత్రం కూర్చున్నవాళ్ళ వెనక నిలబడి ఆకు ఎప్పుడు ఎత్తుతారా అని చూడాల్సిందే. తిన్నాక బందరు రోడ్డు బస్సెక్కి బాపు మ్యూజియం దగ్గర దిగండి. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవం పేరిట కట్టిన భవనం. 1921లో కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చింది బెజవాడలోనే. శుక్రవారం సెలవు. ఆ రోజు వచ్చినవాళ్ళు గేటు చూసి వెనుదిరగాల్సిందే, కాబట్టి శుక్రవారం గుడి రద్దీ, మ్యూజియం సెలవు రెండూ కలిపి లెక్కేసుకుంటే గురువారమో శనివారమో మేలు. అక్కడికి నడిచే దూరంలోనే స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ విగ్రహం. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం, 2024 జనవరి 19న ఆవిష్కరించారు. దగ్గరికెళ్తే పాదాలే కనిపిస్తాయి, రోడ్డు అవతల ఫుట్‌పాత్ మీదనుంచి చూస్తేనే ఆకారం అందుతుంది. అవతలికి దాటాక తిరుగు బస్సు కూడా అటువైపే దొరుకుతుందనుకోకండి. బందరు రోడ్డుకి మధ్యలో డివైడరు ఉంది. బస్టాండు వైపు పోయేది ఏ పక్కన ఆగుతుందో చూసుకుని దాటండి.

మూడున్నర కొట్టేసరికి మళ్ళీ పడమర దారి పట్టాలి. ఐదు దాటాక బందరు రోడ్డు మీద బస్సు కదలదు, ఆఫీసులు, కాలేజీలు ఒకేసారి విడుస్తారు. భవానీపురం బస్సులో పున్నమి ఘాట్ దగ్గర దిగితే టూరిజం వాళ్ళ పడవలు భవానీ ద్వీపానికి తీసుకెళ్తాయి. ద్వీపం 133 ఎకరాలు, పిల్లలున్నవాళ్ళకి బాగుంటుంది. టికెట్టు కొనేటప్పుడే ఆఖరి పడవ వెనక్కి ఎన్నింటికో అడిగి పెట్టుకోండి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎగువనుంచి వరద వదిలితే పడవలు ఆపేస్తారు. ఘాట్‌కి చేరాక తెలిస్తే ఒక సాయంత్రం పోయినట్టే, కాబట్టి పొద్దున బ్యారేజీ మీద ఉన్నప్పుడే కిందికి చూడండి. గేట్లు చాలా ఎత్తి ఉండి, నీళ్ళు ఎర్రగా ఉరుకుతుంటే పడవ సంగతి మర్చిపోయి, సాయంత్రానికి బీసెంట్ రోడ్డు బజారు పెట్టుకోండి. ఏలూరు రోడ్డు బస్సులో వచ్చి దిగి నడిస్తే సరిపోతుంది. తోపుడుబళ్ళ దగ్గర చెప్పిన రేటుకి కొనేవాళ్ళు ఎవరూ ఉండరు.

కొండపల్లిని, అమరావతిని ఈ రోజులో ఇరికించకండి. కొండపల్లి ఇరవై కిలోమీటర్ల పైనే. బొమ్మల కాలనీలో తెల్లపొణికి చెక్కని చెక్కి, అతికి, రంగులేస్తున్న ఇంటి ముందు కూర్చుంటే గంట తెలియకుండా పోతుంది. ఆ తర్వాత కోట ఎక్కాలంటే ఊళ్ళోంచి ఆటో వేరే. దానికి ఇంకో పూట కేటాయించాలి. గుణదల మేరీమాత కొండ మాత్రం ఏలూరు రోడ్డు మీదే కాబట్టి మర్నాడు పొద్దున రైలుకి ముందు చూసి రావచ్చు. ఫిబ్రవరి 11 తిరునాళ్ళ రోజుల్లో అయితే ఆ దారి బస్సు జోలికే పోవద్దు, రైలు తప్పిపోతుంది.