ఫాయిలు, మూకుడు, రేకు డబ్బా: వైఫై యాంటెనాను ఇంట్లోనే చేసుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో పోర్షన్లుగా కట్టిన ఇళ్లలో వైఫై రౌటర్ సాధారణంగా వీధి వైపు గదిలో, కేబుల్ లోపలికి వచ్చిన కిటికీ పక్కనే, బిగించడానికి వచ్చిన కుర్రవాడికి ఎక్కడ వీలు కుదిరితే అక్కడ ఉంటుంది. అక్కడి నుంచి వెనక పడకగదికి చేరేలోగా సిగ్నల్‌కు రెండు ఇటుక గోడలు, ఒక ఇనుప బీరువా అడ్డుపడతాయి. మేడ మీది గదికైతే ఇనుప చువ్వలు పరిచిన స్లాబే అడ్డం. ఇలాంటి ఇబ్బందికి ఖరీదైన పరికరాలు కొనేముందు వంటింటి సామానుతో చేసి చూడదగిన పద్ధతులు మూడు ఉన్నాయి.

అయితే యాంటెనా కొత్తగా శక్తిని పుట్టించదన్న సంగతి ముందే గుర్తుంచుకోవాలి. రౌటర్ అన్ని వైపులకూ వెదజల్లే శక్తిని మనం కోరిన వైపుకు మళ్లించడమే అది చేసే పని కనుక, ఒక వైపు పెరిగినంత మేరా ఇంకో వైపు తగ్గక తప్పదు. మా ఇంట్లో మొదటిసారి ఫాయిలు తెర పెట్టిన రోజున, పడకగదిలో వీడియో ఆగకుండా నడుస్తోందని నేను సంబరపడుతుండగానే, "ఏమండీ, వంటింట్లో ఫోను తిరుగుతూనే ఉందండీ, ఇవాళ మళ్లీ ఏం చేశారు?" అన్న ప్రశ్న వచ్చింది. వంటిల్లు తెరకు వెనక వైపున ఉందని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. కాబట్టి ఏ గదికి సిగ్నల్ కావాలో నిర్ణయించుకునేటప్పుడే, ఏ వైపున తగ్గినా ఫరవాలేదో కూడా తేల్చుకోవాలి.

ముందు కొలత

సిగ్నల్ గీతలను చూసి అంచనా వేయడం వల్ల ప్రయోజనం లేదు. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై బలాన్ని డీబీఎంలలో చూపే ఉచిత యాప్ ఒకటి పెట్టుకుంటే అంకె కనిపిస్తుంది. ఆ అంకెలు మైనస్‌లో ఉంటాయి కనుక, మైనస్ 80 కంటే మైనస్ 60 మెరుగని అర్థం. మైనస్ 67 దగ్గర వీడియో కాల్ నిలకడగా సాగుతుంది. మైనస్ 80కి దిగితే తెగిపోవడం మొదలవుతుంది. ఆ అంకె 3 పెరిగితే, అంటే 3 డెసిబెల్‌ల తేడా వస్తే, అందే శక్తి రెట్టింపు అయినట్టు, 6 పెరిగితే నాలుగింతలు. మన ఒంట్లోని నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది కాబట్టి, ఫోనును ప్రతిసారీ ఒకే చోట, ఒకే తీరుగా బల్ల మీద ఉంచి, పది సార్లు చూసి సగటు రాసుకోవాలి. ఈ కాగితం లేకుండా మొదలుపెట్టినవారు చివరికి తమ సంతోషాన్నే సిగ్నల్‌గా లెక్కపెట్టుకుంటారు.

తరువాత, పైసా ఖర్చు లేని పని ఒకటుంది. రౌటర్ యాంటెనా నుంచి వెలువడే సిగ్నల్ ఆకారం ఇంచుమించు గారెలా ఉంటుంది. గారె చిల్లులో నిలబెట్టిన పుల్లను యాంటెనా అనుకుంటే, సిగ్నల్ చుట్టూ పక్కలకు దట్టంగానూ పుల్ల కొనల వైపు, అంటే పైకీ కిందికీ, పలచగానూ వెళుతుంది. అందువల్ల ఒకే అంతస్తులోని గదులకు యాంటెనాలను నిటారుగా ఉంచాలి. మేడ మీది గదికి కావాలంటే ఒకదానిని అడ్డంగా పడుకోబెట్టాలి. రౌటర్‌ను టీవీ వెనక నుంచి, బీరువా మీది నుంచి తీసి, ఛాతీ ఎత్తులో తెరిపిగా పెట్టడం వల్ల చాలా ఇళ్లలో సమస్య సగం తీరిపోతుంది. అలా తీరనప్పుడే మిగతా పనులు అవసరమవుతాయి.

అట్ట, ఫాయిలుతో తెర

బయటికి కనిపించే యాంటెనాలున్న రౌటర్‌కు ఇది అన్నిటికంటే సులువైన పద్ధతి, నా దృష్టిలో అన్నిటికంటే నమ్మదగినది కూడా. చొక్కాల పెట్టెలో వచ్చే పలుచని అట్టను 24 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. ఎత్తు ఉండేలా కత్తిరించి, దాని మీద చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిలును ముడతలు లేకుండా ఫెవికాల్‌తో అంటించాలి. ఈ తరంగాలు అల్యూమినియంలో మిల్లీమీటరులో వెయ్యింట రెండు వంతుల లోతు కూడా దిగవు కనుక వంటింటి ఫాయిలు మందం సరిపోతుంది. మెరిసే వైపు పైకి ఉందా, మసక వైపు ఉందా అన్నది పట్టించుకోనక్కరలేదు.

ఇక ఆ అట్టకు సరైన వంపునివ్వాలి. మందపాటి కార్టన్ అట్ట మీద ఒక అడ్డ గీత గీసి, దాని మధ్య బిందువు నుంచి కుడికీ ఎడమకూ 3 సెం.మీ. దూరంలో గీతకు పైన 0.75 సెం.మీ. ఎత్తున ఒక్కొక్క చుక్క పెట్టాలి. అలాగే 6 సెం.మీ. దూరంలో 3 సెం.మీ. ఎత్తున, 9 సెం.మీ. దూరంలో 6.75 సెం.మీ. ఎత్తున చుక్కలు పెట్టి, అన్నిటినీ నున్నని వంపుతో కలిపితే పరావలయం వస్తుంది. వంపుకు లోపలి భాగాన్ని కత్తిరించుకుని, అడుగు నుంచి సరిగ్గా 3 సెం.మీ. పైన, నడిమధ్యలో, యాంటెనా దూరేంత రంధ్రం చేయాలి. పరావలయపు నాభి అదే. తెర మీద పడిన తరంగాలన్నీ కలిసేది అక్కడే. ఇలాంటి ముక్కలు రెండు చేసి, ఒకటి పైన, ఒకటి కింద ఉంచి, వాటి వంపు అంచుల చుట్టూ ఫాయిలు అట్టను ఫాయిలు లోపలికి ఉండేలా సెల్లోటేపుతో బిగించాలి. వంపు పొడవు 23.4 సెం.మీ. కనుక అట్ట అతికినట్టు సరిపోతుంది. దీనిని యాంటెనాకు పైనుంచి తొడిగి, తెరచిన వైపును కావలసిన గదికి తిప్పితే పని పూర్తయినట్టే.

ఈ 3 సెం.మీ. కొలత ఊరికే పెట్టింది కాదు. రౌటర్లు సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు పట్టీల్లో సిగ్నల్ పంపుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.3 సెం.మీ., అందులో నాలుగో వంతు 3 సెం.మీ. పైచిలుకు. ఆ దూరంలో తెరకు తగిలి వెనక్కి వచ్చిన తరంగం, యాంటెనా నుంచి నేరుగా ముందుకు పోయే తరంగంతో కలిసి బలపడుతుంది. 5 గిగాహెర్ట్జ్ తరంగానికి అదే 3 సెం.మీ. దాదాపు సగం పొడవు అవుతుంది కాబట్టి ఆ రెండు తరంగాలు ఒకదానినొకటి కొంత కొట్టేసుకుంటాయి. మీరు 5 గిగాహెర్ట్జ్ వాడుతున్నట్లయితే రంధ్రాన్ని 4.3 సెం.మీ. దగ్గరికి జరిపి చూడండి. రౌటర్‌కు రెండు యాంటెనాలుంటే రెండింటికీ తెరలు చేయడం మంచిది.

మూకుడు, యూఎస్‌బీ డాంగిల్

మేడ మీది గదిలో కంప్యూటర్ వాడేవారికి ఈ పద్ధతి బాగా ఉపయోగపడుతుంది. ఫోనుకు ఇది పనికిరాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ దుకాణాల సముదాయంలో యూఎస్‌బీ వైఫై డాంగిల్, అంటే కంప్యూటర్‌కు గుచ్చే చిన్న వైఫై పరికరం, కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. దానితోపాటు 5 మీటర్లు మించని యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసుకోవాలి. ఇందులో తెలివంతా ఆ కేబుల్‌దే. రేడియో సిగ్నల్ సన్నని తీగలో ప్రయాణిస్తే మీటరు మీటరుకూ నీరసిస్తుంది. యూఎస్‌బీలో వెళ్లేది డేటా మాత్రమే కనుక ఆ నష్టం ఉండదు.

డాంగిల్‌ను ఒక లోహపు మూకుడు ముందు, నాభి దగ్గర నిలపాలి. మూకుడు వెడల్పును దానితోనే హెచ్చించి, లోతుకు 16 రెట్లతో భాగిస్తే నాభి దూరం వస్తుంది. 32 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. లోతు ఉంటే అది 6.4 సెం.మీ. అవుతుంది. మూకుడు నిజానికి పరావలయం కాదు, గోళంలో ముక్క. అందువల్ల నాభి ఒకే బిందువుగా కుదరదు. డాంగిల్‌ను ఒక చెక్క పుల్లకు కట్టి, 6 నుంచి 9 సెం.మీ. మధ్య అరసెంటీమీటరు చొప్పున జరుపుతూ అంకె చూసుకోవాలి. ఒకప్పుడు మేడ మీద దూరదర్శన్ యాంటెనాను తిప్పుతూ "వచ్చిందా?" అని కిందికి కేకేసినవారికి ఈ పని కొత్తేమీ కాదు. మూకుడు బదులు ఇనుప జల్లెడ వాడినా ఫలితం మారదు, ఎందుకంటే సెంటీమీటరు లోపు చిల్లులు ఈ తరంగానికి గోడలాగే కనిపిస్తాయి.

రేకు డబ్బా

రెండు ఇళ్ల మధ్య, ఎదురెదురుగా చూపు ఆనే దూరానికి సిగ్నల్ పంపడానికి డబ్బా యాంటెనా పనికివస్తుంది. దీనికి సాల్డరింగ్ వచ్చి ఉండాలి. రౌటర్ యాంటెనా విప్పదగినదై ఉండాలి. ఇందులో అందరూ తప్పటడుగు వేసేది డబ్బా ఎంపికలోనే. నేను మొదట వాడిన పాలపొడి డబ్బా వ్యాసం 10 సెం.మీ. దాటి ఉండడంతో ఒక ఆదివారమంతా వృథా అయింది. వ్యాసం 7.5 సెం.మీ. కంటే తక్కువైతే తరంగం డబ్బాలో సాఫీగా సాగదు, 9.2 దాటితే మరో రకం తరంగం కూడా లోపల పుట్టి పని చెడగొడుతుంది. 9 సెం.మీ. వ్యాసం, 16 సెం.మీ. పొడవు ఉన్న డబ్బా దొరికితే అదృష్టం. లేకపోతే రేకు పనివారి చేత చేయించుకోవచ్చు. అప్పుడు కనెక్టర్ బిగించే రంధ్రం, డబ్బా మూసి ఉన్న అడుగు నుంచి 5.1 సెం.మీ. దూరంలో రావాలి. అదే 8.3 సెం.మీ. డబ్బాకైతే 6.2 దగ్గర చేయాలి, పొడవు 18.5 కావాలి. వ్యాసంలో 7 మిల్లీమీటర్ల తేడా రంధ్రాన్ని సెంటీమీటరుకు పైగా జరుపుతుంది కనుక ఎవరో చెప్పిన కొలతను వేరే డబ్బాకు వాడకూడదు.

కోఠి గుజరాతీ గల్లీలోని విడిభాగాల దుకాణాల్లో ఎన్ టైప్ కనెక్టర్ (కేబుల్‌ను డబ్బాకు కలిపే లోహపు బిగింపు) అడిగి తెచ్చుకుని, ఆ రంధ్రంలో బిగించేలా, దాని మధ్య సూదికి మందపాటి రాగి తీగను సాల్డర్ చేసి, డబ్బా లోపలికి పొడుచుకువచ్చే భాగం మొత్తం 3.1 సెం.మీ. ఉండేలా కత్తిరించాలి. ఈ కనెక్టర్‌ను రౌటర్ యాంటెనా విప్పిన చోటికి కలపడానికి టీవీ కేబుల్ పనికిరాదు, అది 75 ఓములది. వైఫైకి 50 ఓముల కేబుల్ కావాలి, అదీ వీలైనంత పొట్టిది. అవతలి వైపు యాంటెనా నిటారుగా ఉంటే డబ్బాలోని తీగ కూడా నిటారుగానే ఉండాలి. అడ్డం తిరిగితే సిగ్నల్ బాగా పడిపోతుంది.

2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి మన దేశంలో 2005 నిబంధనలు అనుమతిస్తాయి, కానీ యాంటెనా బలంతో కలిపి 4 వాట్లు మించకూడదు. మామూలు రౌటర్‌కు డబ్బా తగిలిస్తే ఆ హద్దు దాటదు. దానికి విడిగా ఆంప్లిఫయర్ కలపడం మాత్రం వద్దు. పక్కవారి వైఫైని వారికి చెప్పకుండా పట్టుకోవడానికీ దీనిని వాడకూడదు.

డబ్బాను ఆరుబయట పెడితే వాన నీరు లోపలికి చేరకుండా మూతిని ప్లాస్టిక్ మూతతో మూసి, కొద్దిగా కిందికి వంచి కట్టాలి. ఏ ప్లాస్టిక్ పనికివస్తుందో మైక్రోవేవ్ ఓవెన్ చెబుతుంది, ఎందుకంటే అదీ 2.45 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది. మూతను ఒక కప్పు నీటి పక్కన ఉంచి అర నిమిషం తిప్పండి. మూత చల్లగా ఉంటే బిగించవచ్చు, వేడెక్కితే వేరొకటి చూసుకోవాలి.