పేరు కోసం కాక ప్రభువు కోసం కుట్టడం: మిషను దగ్గర పాటించాల్సిన పద్ధతులు

"అక్కా, నాకు పాట రాదు. నలుగురిలో ప్రార్థన చేయమంటే గొంతు పెగలదు. నేనేం సేవ చేయగలను?" నా దగ్గర కుట్టు నేర్చుకునే ఆడపిల్లల్లో ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు. మా ఒంగోలులో సంఘాలకు కొదవ లేదు, మైకు పట్టుకుని చేసే సేవకూ కొదవ లేదు. దాంతో మైకు అందని పిల్లలకు సేవే అందలేదనిపిస్తుంది. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. నీ చేతిలో ఉన్న జాకెట్టు గుడ్డే ఈ రోజు నీకు అప్పగించిన సేవ. దాన్ని దేవునికి చేసినట్టు ఎలా చేయాలో, ఎవరూ మెచ్చుకోనప్పుడు మనసు ఎలా నిలబెట్టుకోవాలో నేను పాటించే పద్ధతిలో రాస్తున్నాను. నాది ఆడవాళ్ల బట్టలు కుట్టే పని కాబట్టి ఉదాహరణలన్నీ అందులోవే. మీ పని వేరైతే దానికి తగ్గట్టు మార్చుకోండి.

కనబడని చోటు నుంచి మొదలుపెట్టండి

లైనింగు గుడ్డతోనే చెబుతాను. కాటన్ లైనింగును తడపకుండా కత్తిరించి కుట్టేస్తే, ఇచ్చే రోజున జాకెట్టు చక్కగానే ఉంటుంది. మొదటిసారి ఉతకగానే లైనింగు ముడుచుకుపోతుంది, పైగుడ్డ ముడతలు పడుతుంది, చంక దగ్గర పట్టేస్తుంది. అప్పుడు ఆమె ఏమనుకుంటుంది? గుడ్డ మంచిది కాదనుకుంటుంది, లేదా నేనే లావయ్యానేమో అనుకుంటుంది. మన మీదికి ఆ మాట రానే రాదు. సరిగ్గా అందుకే ఇది దేవుని ముందు పని. రాత్రి లైనింగును నీళ్లలో వేయండి, పొద్దున్నే పిండి నీడన ఆరేయండి, ఇస్త్రీ చేసి అప్పుడు కత్తెర పెట్టండి. పది జాకెట్ల గుడ్డలు ఒకేసారి నానబెట్టుకుంటే టైమ్ కూడా పెద్దగా పోదు. పండగ టెన్షన్‌లో అందరూ ముందుగా వదిలేసేది ఈ పనినే.

తర్వాత పక్క కుట్లు. రెండు పక్కలా లోపల గుడ్డ వదిలి, రెండు మూడు వరసల కుట్టు వేయండి. కాన్పు తర్వాతో, థైరాయిడ్ సమస్య వచ్చినప్పుడో ఒళ్లు వస్తే, ఒక వరస విప్పుకుంటే అదే జాకెట్టు మళ్లీ పడుతుంది. కొత్తది కుట్టించుకునే స్తోమతు లేనివాళ్లకు ఆ వదిలిన గుడ్డ ఎంత ఆదుకుంటుందో నేను చూశాను. గుడ్డ మరీ తక్కువ తెచ్చినప్పుడు ఎంత వదలగలమో ముందే చెప్పండి.

హుక్కులు పై గుడ్డకే తగిలించి వదలకండి. సూది లోపలి పట్టీ దాకా దిగాలి, ప్రతి హుక్కుకి దారం నాలుగైదు సార్లు తిరగాలి, చివర ముడి పడాలి. బస్సులోనో, పెళ్లిలోనో హుక్కు ఊడితే ఆ మనిషి పడే అవస్థ మనకు తెలియని సంగతి కాదు. బాబిన్‌లో కూడా గుడ్డ రంగు దారమే ఎక్కించండి. లోపలి వైపు ఎవరు చూస్తారులే అని పాత దారం తోనే కానిచ్చేయడం చాలామందికి అలవాటు.

అన్నీ అయ్యాక జాకెట్టును తిరగేసి, వెలుతురుకి పట్టి, కుట్టు వెంట వేలితో తడమండి. గుండుసూది మిగిలిందా, దారం వేలాడుతోందా, ఎక్కడైనా కుట్టు తప్పిందా చూడండి. ఆ తడిమే నిమిషంలోనే నేను ఆ మనిషి పేరు ప్రభువుకి చెబుతాను. పెద్ద ప్రార్థన కాదు. "ప్రభువా, ఈమె భర్త ఆసుపత్రిలో ఉన్నాడు, ఆదుకో" అంటాను, అంతే. ఎవరి కష్టం తెలియకపోతే పేరు మాత్రమే చెబుతాను. ఆ సంగతి ఆమెకు మాత్రం చెప్పను. చెబితే ఆమె సంతోషిస్తుంది, నిజమే. కానీ రెండోసారి ఆ పేరు చెప్పేటప్పుడు నా మనసు దేవుని వైపు కాక, ఆమె కృతజ్ఞత వైపు చూస్తుంది.

కొలతలు తీసే చోట

ఆది జాకెట్టు తేని వాళ్లకు ఒంటి కొలతలే తీయాలి. కర్టెను వేయండి, ఇంట్లో మగవాళ్లు ఉంటే బయటికి పంపండి. టేపు చూసి "అబ్బో, బాగా పెరిగావమ్మా" లాంటి మాట అనకండి. అంకె పుస్తకంలో రాయండి, పైకి చదవకండి. చేతి మీద దెబ్బ కనబడవచ్చు. ఇంకా ఇంట్లో ఎవరికీ చెప్పని కడుపు సంగతి మీకే ముందు తెలియవచ్చు. సాయం అడిగితే చేయండి. అడగకపోతే ఆ సంగతి టేపుతో పాటే చుట్టి పక్కన పెట్టండి. ప్రార్థన కూడికలో "ఫలానా సహోదరి కోసం ప్రార్థించండి" అంటూ బయటపెట్టడం కూడా చాడీ చెప్పడమే.

చీమకుర్తి క్వారీలో కూలికి వెళ్లే అతని భార్యకీ, ఆఫీసరుగారి భార్యకీ పుస్తకంలో వరస ఒకటే ఉండాలి. ముందు ఎవరు ఇస్తే వాళ్లది ముందు. టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగుకి వెళ్లే ఆడవాళ్లు, కూలి డబ్బు చేతికొచ్చినప్పుడే ఇస్తామంటారు. ఇవ్వగలరని తెలిసి ఒప్పుకున్నారా, ఇక రెండుసార్లు అడిగి చిన్నబుచ్చకండి. మిగిలిన గుడ్డ ఎంత చిన్న ముక్కైనా కవర్లో పెట్టి ఇచ్చేయండి. బొంతకు పనికొస్తుందనిపిస్తే అడిగి తీసుకోండి.

పేరు ఒకటి, కూలి ఒకటి

ఇక్కడ చాలామంది తికమక పడతారు కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతాను. గుర్తింపు కోరుకోకూడదంటే కూలి అడగకూడదని కాదు. పనివాడు తన జీతానికి పాత్రుడని చెప్పింది ప్రభువే. క్రిస్మస్‌కి క్వయర్ పిల్లలందరికీ ఒకే రంగు బట్టలు కుట్టాలంటూ వస్తారు. "దేవుని పని కదమ్మా, ఊరికే కుట్టిపెట్టు" అంటారు. అలాంటప్పుడు ముఖం మాడ్చుకుని ఒప్పుకోవద్దు, ఒప్పుకున్నాక ఇరుగుపొరుగుతో చెప్పుకుని ఏడవొద్దు. రేటు ఇంత అని నెమ్మదిగా చెప్పండి. ఊరికే చేయాలని మీకే బుద్ధి పుడితే, అడగకముందే మీరే చెప్పి మనసారా చేయండి. మొహమాటానికి చేసిన పని రాత్రి పన్నెండింటికి మిషను తొక్కేటప్పుడు చేదెక్కుతుంది. అడిగినవాళ్ల మీద కోపం కుట్టులోకి వస్తుంది.

ఇక పేరు. బొటిక్‌ల వాళ్లకు పీసు లెక్కన కుట్టేవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. మనం కుట్టిన జాకెట్టుకి వాళ్ల లేబుల్ పడుతుంది. ఆ ఫొటోకి ఇన్‌స్టాగ్రామ్‌లో వందల లైకులు వస్తాయి, మెచ్చుకోలు వాళ్లకి వెళ్తుంది. పీసుకి ఎంత, డబ్బు ఎప్పుడు, పాడైతే ఎవరిది బాధ్యత, ఇవన్నీ పని మొదలుకాకముందే మాట్లాడుకోండి. అవి సరిగ్గా ఇస్తే లేబుల్ సంగతి వదిలేయండి. ఇవ్వకపోతే మానేయండి, సహించడమే భక్తి అనుకోకండి. ఆ ఫొటో కింద "ఇది నేనే కుట్టాను" అని రాయాలనిపిస్తుంది. చాలా గట్టిగా అనిపిస్తుంది. అలాంటప్పుడు నేను యొప్పే ఊరి దొర్కాను తలచుకుంటాను.

అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో ఆమె కథ ఉంది. విధవరాళ్లకు అంగీలు, వస్త్రాలు కుట్టిన మనిషి. చనిపోతే ఆ విధవరాళ్లు ఏడుస్తూ పేతురుకి ఆ బట్టలే చూపించారు. ఆ అధ్యాయం మళ్లీ చదవండి. ఆమె మాట్లాడిన మాట ఒక్కటి కూడా అందులో లేదు. ప్రాణం తిరిగొచ్చాక కూడా కళ్లు తెరిచి, పేతురుని చూసి లేచి కూర్చుంది అని మాత్రమే ఉంది. ఆమె గురించి సాక్ష్యం చెప్పింది తొడుక్కున్నవాళ్లు. మన జాకెట్టు తొడుక్కున్న మనిషి హాయిగా చేయి పైకెత్తగలిగితే చాలు, లేబుల్ ఎవరిదైనా సరే.

మా ప్రాంతపు క్రైస్తవ చరిత్రలో కూడా ఇలాంటిది ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి పని కల్పించాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె ఇక్కడ చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మాలు ఇచ్చింది తెలుగు బోధకులే, ఒక్కోసారి ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని. వాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు? కాలువలో మట్టి తట్టలు మోసిన ఆడవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. ఆ కాలువలో పడవలు మాత్రం ఏళ్ల తరబడి నడిచాయి.

రహస్యంగా ఇవ్వడం ఎలా

చర్చిలో ఫ్యాను రెక్క మీద దాత పేరు, గోడ మీద నల్లటి గ్రానైటు పలక నిండా దాతల పేర్లు, ఆరాధనలో కృతజ్ఞతార్పణల చదువు. ఇచ్చినవాళ్లను నేను తప్పుపట్టడం లేదు, వాళ్లలో మనసారా ఇచ్చినవాళ్లు చాలామంది. కానీ కుడి చెయ్యి చేసేది ఎడమ చేతికి తెలియకూడదని ప్రభువు చెప్పిన మాట కూడా అదే గోడల మధ్య చదువుతాం. దాన్ని పాటించే దారి తేలికే. పేరు రాసిన కవరు పక్కన పెట్టి, నోట్లు మడిచి కానుక సంచిలో వేయండి. రసీదు అవసరమైన పెద్ద మొత్తమైతే అయ్యగారికి ఇచ్చి, చదవొద్దని చెప్పండి.

పనిలో ఇవ్వడం ఇంకా మంచిది. బళ్లు తెరిచే జూన్‌లో యూనిఫారాలు వస్తాయి. తండ్రి లేని పిల్లవి ఉంటాయి, కూలి ఇవ్వలేక తల్లి గుమ్మం దగ్గరే నిలబడి తటపటాయిస్తుంది. అబద్ధాలు అల్లకండి. "కుట్టుకూలి సంగతి చూసుకున్నాను, మంగళవారం వచ్చి తీసుకెళ్లు" అని, వెంటనే పిల్ల ఎన్నో తరగతో అడగండి. ఆ యూనిఫారం మిగతావాటి కంటే ఒక్క వీసం తక్కువగా ఉండకూడదు. ఫొటో తీయకండి, స్టేటస్ పెట్టకండి, సాక్ష్యంలో చెప్పకండి, ఆ పిల్ల ఎదురైనప్పుడు "డ్రస్సు బాగుందా" అని పదిమందిలో అడగకండి. అయితే భర్తకు మాత్రం చెప్పండి. ఇంటి డబ్బు ఇద్దరిదీ, ఆయనకు తెలియకుండా చేసే ధర్మం ఇంట్లో గొడవవుతుంది.

మెప్పు వచ్చినప్పుడు, రానప్పుడు

ఎవరైనా బాగుందంటే "నీకు నచ్చినందుకు సంతోషంగా ఉందమ్మా" అని ఊరుకోండి. "నేనెంతటిదాన్ని, అంతా కృపే" అంటూ పొడిగిస్తే, ఎదుటివాళ్లు ఇంకోసారి మెచ్చుకోవాల్సి వస్తుంది. తప్పు చూపిస్తే విప్పి సరిచేయండి, దానికి డబ్బు తీసుకోవద్దు.

స్త్రీల సమాజం కార్యక్రమానికి పరదాలన్నీ మీరు కుట్టి ఉంటారు. వేదిక మీద అందరి పేర్లూ చెప్పి మీది మర్చిపోతారు. బాధ వస్తుంది. రాలేదని నటించకండి. ఇంటికి వెళ్లి ఆ సంగతి ఉన్నదున్నట్టు ప్రభువుకి చెప్పండి, ఎవరు మర్చిపోయారో వాళ్ల పేరు పెట్టే చెప్పండి. దావీదు కీర్తనల్లో ఇంతకంటే ఘాటైన మాటలున్నాయి. చెప్పాక మర్నాడు పొద్దున్నే అందరికీ విసుగైన పని ముందు పెట్టుకోండి. నాకైతే అది పాత చుడీదార్లు లూజు చేయడం. చేతులు పనిలో పడ్డాక ఆ కుళ్లు కొంత తగ్గుతుంది, ఒక్కరోజులో పోదు.

డిసెంబరు కోసం ఒక మాట

క్రిస్మస్, కొత్త సంవత్సరం, ఆ వెంటనే సంక్రాంతి. ఏడాది పనంతా ఈ ఆరు వారాల్లోనే వచ్చి పడుతుంది. ఒప్పుకున్న తేదీకి ఇవ్వడమే ఈ నెలలో మన భక్తి. మీ చేతికి ఎన్ని అవుతాయో లెక్కేసుకుని, ఆ లెక్క నిండగానే ఆర్డర్లు ఆపేయండి. ఆపినట్టు గుమ్మం మీద రాసి పెట్టండి. ఆదివారం మిషను తెరవకండి.

ఆపేశాక కూడా జనం వస్తారు. ఊరికే తిప్పి పంపకండి. మీ వీధిలో బాగా కుట్టే ఇంకో ఆమె పేరు చెప్పండి, ఆమె చేతి పని గురించి నిజంగా మంచిమాట చెప్పి పంపండి. ఆ కస్టమరు మళ్లీ మీ దగ్గరికి రాకపోవచ్చు. పంపే ముందే ఆ సంగతి తెలుసుకుని పంపండి.