విజిటింగ్ కార్డులు అయిపోతున్నాయి, ఫోన్లు మాత్రం రావట్లేదు

ఒంగోలు నుంచి చీమకుర్తి గ్రానైట్ యూనిట్లకు కటింగ్ బ్లేడ్లు, పాలిష్ సామాను వేస్తుంటాను. కార్డుల దగ్గర, నెంబర్ల దగ్గర నాకు ఎదురైన ఇబ్బందులే ఇవన్నీ. చిన్న వ్యాపారం చేసే ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను.

కార్డు తీసుకున్నారు, ఒక్క ఫోనూ రాలేదు

పాలిష్ యూనిట్లో రాయి మీద నీళ్లు పడుతూనే ఉంటాయి. సూపర్‌వైజర్ ఆ తడి చేతులతోనే కార్డు అందుకుని చొక్కా జేబులో పెట్టుకుంటాడు. ఒకసారి ఓ ఆఫీసులో బల్ల మీది అద్దం కింద నా కార్డు కనపడింది. సంబరంగా వంగి చూస్తే, నెంబర్‌లో చివరి మూడంకెలు నీలంగా అలుక్కుపోయి ఉన్నాయి. తొందరలో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీయించిన కార్డు అది. వాళ్లు చేద్దామనుకున్నా నాకు ఫోన్ ఎలా చేస్తారు?

ఆఫ్‌సెట్‌లో, అంటే ప్రెస్సులో అచ్చు వేయించండి. ముందు వైపు లామినేషన్ చేయించి, వెనక వైపు మామూలు కాగితంలాగే వదిలేయండి. రేటో, సైజో పెన్నుతో రాసివ్వాలంటే నున్నటి లామినేషన్ మీద ఇంకు నిలవదు. నెంబర్ పెద్ద అక్షరాల్లో ఉండాలి. లోగో చిన్నదైనా ఫర్వాలేదు.

నెంబర్ ఫోన్లో ఉంది, అవసరానికి దొరకలేదు

మాలకొండ నరసింహస్వామి పేరు పెట్టుకునే ప్రాంతం మనది. కందుకూరు వైపు వెళ్తే ఒక్కో ఫోన్లో నలుగురు మాలకొండయ్యలు ఉంటారు. బ్లేడు అరిగినప్పుడు మనిషికి మన పేరు గుర్తు రాదు, 'బ్లేడ్' అని వెతుకుతాడు. కార్డు మీద పేరుకన్నా ముందు పని కనపడాలి. "అన్నా, నా పేరు పక్కన బ్లేడ్స్ అని కొట్టుకోండి" అని అడగడానికి మొహమాటపడొద్దు.

బ్రాడ్‌కాస్ట్ పెడితే సగం మందికి చేరలేదు

నన్ను ఎక్కువ కాలం తిప్పలు పెట్టింది ఇదే. బ్రాడ్‌కాస్ట్ అంటే ఒకే మెసేజ్‌ను చాలామందికి ఒకేసారి, ఎవరికి వాళ్లకు విడిగా పంపడం. వాట్సాప్‌లో ఒక బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టుకోవచ్చు. కానీ మన నెంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ వెళ్తుంది. వాళ్ల నెంబర్ మన ఫోన్లో ఉంటే చాలదు. కొత్త రేట్లు పెట్టి, ఎవరూ పలకట్లేదేంటని నేను నెలల తరబడి బాధపడ్డాను. అసలు వాళ్లకు అందనే లేదు.

మెసేజ్‌ను నొక్కి పట్టుకుని ఇన్ఫో చూడండి, ఎవరెవరికి చేరిందో తెలుస్తుంది. చేరనివాళ్లకు రోజుకు ఐదుగురి చొప్పున ఫోన్ చేసి సేవ్ చేసుకోమని అడగండి. కొత్తవాళ్ల దగ్గరైతే కార్డు ఇచ్చిన చోటే పని పూర్తి చేయాలి: "సార్, మిస్డ్ కాల్ ఇస్తున్నాను, ఫీడ్ చేసుకోండి." వాళ్లు సేవ్ చేసుకునేదాకా అక్కడే నిలబడండి. అడక్కుండా గ్రూపులో మాత్రం చేర్చొద్దు. చాలామందికి కోపం వస్తుంది, అది న్యాయమే.

ఎక్సెల్ లిస్టులో నెంబర్లు పాడయ్యాయి

91తో కలిపి 12 అంకెలు కొడితే ఎక్సెల్ దాన్ని పెద్ద సంఖ్య అనుకుని 9.19 అంటూ కుదించి చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా ఫైల్‌గా) సేవ్ చేస్తే అసలు నెంబరే పోతుంది. నెంబర్లు కొట్టకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చుకోవాలి.

పార్సిల్ చిరునామాల్లో గందరగోళం

పాత కార్డుల్లో చీరాల ప్రకాశం జిల్లా అనే ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది బాపట్ల జిల్లాలో ఉంది. లిస్టులో జిల్లాతో పాటు పిన్‌కోడ్ కూడా రాసుకోండి.

ఫోన్ పోతే నెంబర్లన్నీ పోయాయి

కాంటాక్టులు సిమ్‌లోనో ఫోన్‌లోనో సేవ్ అవుతున్నాయన్నమాట. సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్‌కు మార్చి సింక్ ఆన్ చేయండి. ఈ పని ఈ రాత్రికే, షాపు కట్టేసేలోపు చేసేయండి.