జావా ప్రోగ్రామ్‌ని ఈఎక్స్ఈగా మార్చాక దుకాణంలో నడవకపోతే

పర్లాకిమిడిలో ఒక బియ్యం హోల్‌సేల్ దుకాణానికి జావాలో బిల్లింగ్ ప్రోగ్రామ్ రాశాను. పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లకు తెలుగు బిల్లు, ఒడియా చదివేవాళ్లకు ఒడియా బిల్లు. దుకాణం కంప్యూటర్లో జావా పెట్టి, దాన్ని అప్‌డేట్ చేస్తూ ఉండటం వాళ్ల వల్ల కాదు. అందుకే జావా లేకపోయినా నడిచే ఫైల్ తయారుచేసే గ్రాల్‌వీఎం నేటివ్ ఇమేజ్ అనే టూల్‌తో బైట్‌కోడ్‌ని (జావా కంపైలర్ ఇచ్చే కోడ్‌ని) ఒకే ఈఎక్స్ఈ ఫైల్‌గా మార్చాను. అప్పుడు ఎదురైన చిక్కులు ఇవి.

సమస్య: బిల్డ్ సగంలో ఆగిపోయి 137 అని చూపిస్తుంది

లినక్స్‌లో ర్యామ్ చాలక సిస్టమే బిల్డ్‌ని చంపేసిందని దాదాపుగా దాని అర్థం. బ్రౌజర్, ఎడిటర్ మూసేసి మళ్లీ నడపండి. అప్పటికీ ఆగితే ఎక్కువ ర్యామ్ ఉన్న మెషీన్ కావాలి.

సమస్య: ఉబుంటులో తయారైన ఫైల్ విండోస్‌లో తెరుచుకోదు

జార్ ఫైల్ (మామూలు జావా ప్రోగ్రామ్ ప్యాకేజీ) జావా ఉంటే ఎక్కడైనా నడుస్తుంది కాబట్టి ఇదీ నడుస్తుందనుకుంటాం. కానీ నేటివ్ ఇమేజ్ ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద బిల్డ్ చేస్తే దానికే పనికొస్తుంది. విండోస్ మెషీన్‌లో విజువల్ స్టూడియో సీ++ బిల్డ్ టూల్స్ వేసి, అక్కడే బిల్డ్ చేయాలి; పాత గ్రాల్‌వీఎం వెర్షన్లయితే వాటితో వచ్చే ఎక్స్64 నేటివ్ టూల్స్ కమాండ్ ప్రాంప్ట్‌లోంచి చేయాలి.

సమస్య: నా ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, దుకాణంలో మొదలవగానే ఆగిపోతుంది

కావలసిన సీపీయూ ఫీచర్లు ఈ మెషీన్‌లో లేవని మెసేజ్ వస్తుంది, జాబితాలో ఏవీఎక్స్2 (కొత్త సీపీయూల్లో ఉండే ఆదేశాల సమితి) కనిపిస్తుంది. ఇంటెల్‌లో ఏవీఎక్స్2 2013లో హాస్వెల్‌తో వచ్చింది. దుకాణంలో ఉన్నది అంతకన్నా పాతదైన రెండో తరం ఐ3. గ్రాల్‌వీఎం ఇటీవలి వెర్షన్లు మామూలుగా ఎక్స్86-64-వీ3 స్థాయికి కోడ్ తయారుచేస్తాయి, అంటే ఏవీఎక్స్2 ఉందనే లెక్క. బిల్డ్ చేసేటప్పుడు 'మార్చ్' ఆప్షన్‌కి 'కంపాటిబిలిటీ' అని ఇస్తే పాత సీపీయూలోనూ నడుస్తుంది. ఈ బిల్లింగ్ పనికి వేగంలో తేడా నాకు కనపడలేదు. మన ఊళ్లలో పాత కంప్యూటర్లే ఎక్కువ, అందుకని నేను ప్రతిసారీ ఇలాగే బిల్డ్ చేస్తాను.

సమస్య: బిల్లు సేవ్ అవుతుంది, ఫైల్‌లో మాత్రం వివరాలు ఉండవు

నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. ఎర్రర్ ఏమీ రాలేదు. బిల్లు వివరాలు దాచే జేసన్ ఫైల్ తెరిస్తే ఖాళీ బ్రాకెట్లు! ఎన్ని బస్తాలో లేదు, ధర లేదు.

జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ని నడిపేది) ఉన్నప్పుడు ఏ క్లాస్ కావాలన్నా అప్పటికప్పుడు తెచ్చుకుంటుంది. నేటివ్ ఇమేజ్ అలా కాదు. మెయిన్ నుంచి మొదలుపెట్టి కోడ్ ఎక్కడెక్కడికి వెళ్తుందో బిల్డ్ సమయంలోనే చూసి, అంతవరకే ఉంచుతుంది. వివరాల్ని జేసన్‌గా మార్చే జీసన్ లాంటి లైబ్రరీలు క్లాస్‌లోని ఫీల్డ్స్‌ని రిఫ్లెక్షన్‌తో, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా, వెతుకుతాయి. ఆ దారి బిల్డ్‌కి కనపడదు, కాబట్టి ఫీల్డ్స్ లేనట్టే లెక్క. పేరుని నడిచేటప్పుడు కూర్చి క్లాస్‌ని పిలిచే కోడ్‌కీ ఇదే గతి, అక్కడ మాత్రం క్లాస్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది.

పరిష్కారం: ప్రోగ్రామ్‌ని ముందు మామూలు జావాలో నేటివ్ ఇమేజ్ ఏజెంట్‌తో (ప్రోగ్రామ్ ఏం చేస్తుందో గమనించే టూల్‌తో) నడపాలి. రిఫ్లెక్షన్‌తో ఏవేవి వాడామో అది చూసి మెటాడేటా ఫైల్ రాస్తుంది. దాన్ని మెటా-ఇన్ఫ్ కింద నేటివ్-ఇమేజ్ ఫోల్డర్‌లో పెట్టి మళ్లీ బిల్డ్ చేయండి.

అయితే ఏజెంట్ మీరు చేసిన పనినే చూస్తుంది. నేను బిల్లు కొట్టి ఆపేశాను; నెలాఖరు బాకీల జాబితా మళ్లీ ఖాళీగా వచ్చింది. దుకాణం గుమాస్తాని పక్కన కూర్చోబెట్టుకుని, వాపసు, రద్దు, బాకీ, నెల లెక్క అన్నీ చేయించాకే సరిగ్గా కుదిరింది.

సమస్య: ఒడియా ఎంచుకున్నా బిల్లు ఇంగ్లీషులోనే వస్తుంది

రిసోర్స్ బండిల్ (బిల్లులోని మాటల అనువాదాల ఫైళ్లు) ఈఎక్స్ఈలోకి చేరలేదు, లేదా బిల్డ్ మెషీన్ లోకేల్ (భాష సెట్టింగ్) ఒక్కటే చేరింది. 'ఇన్‌క్లూడ్‌లోకేల్స్' ఆప్షన్‌లో తెలుగు, ఒడియా కోడ్‌లు రెండూ ఇవ్వండి, బండిల్ పేరు కూడా చేర్చండి. అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వస్తే అది ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతి) గొడవ, యూటీఎఫ్-8 పెట్టాలి. గళ్లు వస్తే ఆ కంప్యూటర్లో ఒడియా ఫాంట్ లేదన్నమాట. ఫాంట్ వేస్తే చాలు, మళ్లీ బిల్డ్ చేయక్కర్లేదు.